బడికి ఒక్కరే లైబ్రేరియన్ అయినప్పుడు లీడర్‌షిప్ ఎక్కడ చూపించాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ముందు చెబుతాను, పొరపాటుంటే దిద్దండి. చిన్న పట్టణంలో ఒక ప్రైవేటు సీబీఎస్ఈ స్కూల్లో మూడేళ్లుగా లైబ్రేరియన్‌గా చేస్తున్నారు. లైబ్రరీ సైన్స్ డిగ్రీ, బి.లిబ్.ఎస్సీ. ఉంది. ఏ టీచరు సెలవు పెట్టినా ఆ క్లాసుకి మిమ్మల్ని పంపుతారు. జూన్‌లో ఫీజు కౌంటర్‌లో కూర్చోబెడతారు. సాయంత్రం బస్ డ్యూటీ. ఈమధ్య ఒక పెద్ద స్కూల్లో ఇంటర్వ్యూకి వెళ్తే "మీరు చూపించిన లీడర్‌షిప్ ఏమిటి? వృత్తికి చేసిన సేవ ఏమిటి?" అని అడిగారు, మీకు నోట మాట రాలేదు. ఇప్పుడు ఏదైనా సంఘంలో చేరాలా, సెమినార్ సర్టిఫికెట్లు పోగెయ్యాలా అన్నది మీ ప్రశ్న. చివర్లో చిన్నగా, యాక్సెషన్ రిజిస్టర్, అంటే వచ్చిన ప్రతి పుస్తకానికీ వరస నంబరు వేసి ఎక్కించే పుస్తకం, మూడు నెలలుగా రాయలేదని కూడా అన్నారు. దాని దగ్గరికీ వస్తాను.

నేను మూడు స్కూళ్లలో కలిపి 31 ఏళ్లు ఈ పని చేసి నాలుగేళ్ల కిందట రిటైరయ్యాను. మన ఉద్యోగంలో ఒక విచిత్రం ఉంది. లెక్కల టీచర్లు బడికి నలుగురుంటారు, ఒకరికి తెలియంది ఇంకొకరిని అడుగుతారు. లైబ్రేరియన్ ఒక్కరే. మన పని బాగుందో లేదో చెప్పగలిగినవాళ్లు ఆ కాంపౌండులో ఇంకెవరూ ఉండరు. మన కింద పనిచేసేవాళ్లు కూడా, అదృష్టం బాగుంటే ఒక అటెండరు. అందుకే లీడర్‌షిప్ అనగానే మనకు నవ్వొస్తుంది, ఎవరికి లీడర్‌ని అని. నేనూ అలాగే నవ్వుకున్నదాన్నే. మొదటి ఆరేళ్లు అసలు లైబ్రేరియన్‌లా పనిచేయలేదు, బీరువాలకు కాపలా కాశాను.

నా మొదటి స్కూల్లో రెండో ఏడాది చివర స్టాక్ వెరిఫికేషన్ చేస్తే 14 పుస్తకాలు తగ్గాయి. యాజమాన్యం వాటి ఖరీదు నా జీతంలోంచి పట్టుకుంది. అప్పటి నా జీతానికి అది చిన్న దెబ్బేం కాదు. మర్నాటి నుంచి అన్ని బీరువాలకూ తాళం పడింది. పిల్లలు అద్దంలోంచి చూసి "మేడమ్, అది" అని వేలు పెట్టి చూపిస్తే తీసిచ్చేదాన్ని. ఐదో తరగతి లోపు వాళ్లకు అదీ లేదు, చింపేస్తారని. ఏడాది తిరిగేసరికి ఒక్క పుస్తకం పోలేదు. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ మీటింగ్‌లో నా పేరు చెప్పి మెచ్చుకున్నారు. పొంగిపోయాను. ఆ ఏడాది ఇష్యూ రిజిస్టర్‌లో పట్టుమని పది పేజీలు నిండలేదన్న సంగతి ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు.

ఆరో ఏట ఒక సీనియర్ లైబ్రేరియన్ మా ఊళ్లోని కేంద్ర ప్రభుత్వ స్కూలుకి బదిలీ మీద వచ్చారు. పుస్తకాల షాపులో పరిచయమయ్యారు. మా లైబ్రరీ చూస్తానని వచ్చి, తాళాలు చూసి, ఏమీ అనకుండా "ఏడాదికి ఎన్ని ఇష్యూలమ్మా?" అని అడిగారు. చెప్పడానికి సిగ్గేసింది. జీతం కోత సంగతి చెప్పాను. అప్పుడాయన నాకు తెలియని ఒక నియమం చెప్పారు.

కేంద్ర ప్రభుత్వపు జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో లైబ్రరీ పుస్తకాల గురించి విడిగా రాసి ఉంది. 2017 రూల్స్‌లో అది 215వ నియమం. ఏడాదిలో ఇంటికి ఇచ్చినవీ అక్కడే కూర్చుని చదివినవీ కలిపి వెయ్యి పుస్తకాలకు 5 పోతే దాన్ని మామూలు నష్టంగానే తీసుకోవచ్చు, అందులో మోసమో నిర్లక్ష్యమో లేకపోతే. 1000 రూపాయలు దాటిన పుస్తకం గానీ, అరుదైన పుస్తకం గానీ పోతే మాత్రం తప్పనిసరిగా విచారించాలి. 20 వేల లోపు పుస్తకాలున్న లైబ్రరీలో ఏటా మొత్తం స్టాక్ చూడాలి, 20 వేల నుంచి 50 వేల దాకా అయితే మూడేళ్లకోసారి కనీసం.

ఇందులో నాకు బాగా నచ్చింది ఆ లెక్క కట్టే పద్ధతి. బీరువాలో ఎన్ని ఉన్నాయన్నది అక్కడ ప్రశ్నే కాదు, ఎన్ని చేతులు మారాయన్నదాని మీద కడతారు. 8000 సార్లు పుస్తకం చేతులు మారిన చోట 40 పోయినా ఎవరూ ఏమీ అనరు. 200 సార్లే మారిన చోట ఒకటి పోయిందంటే గీత దగ్గరికి వచ్చేసినట్టే. అంటే తాళం వేసుకున్న లైబ్రేరియనే ఎక్కువ భయపడాలన్నమాట!

ప్రైవేటు స్కూలుకి ఈ రూల్స్ వర్తించవు. మా యాజమాన్యమూ ఆ మాటే అంది. నేను ఆ నియమం చేత్తో రాసుకుని, దాని పక్కన మా లైబ్రరీకి రెండు పేజీల నిబంధనలు తయారుచేశాను. పుస్తకం పోతే పిల్లవాడు ఏం కట్టాలి, చిరిగితే ఏం చేయాలి, పాతబడిన పుస్తకాన్ని ఎవరి సంతకంతో తీసేయాలి, ఎంత నష్టం దాటితే లైబ్రేరియన్ జవాబు చెప్పాలి, అంతే. మూడు నెలలు తిప్పారు. చివరికి వెయ్యికి 5 కుదరదు 3 అన్నారు. సరే అన్నాను. సంతకం పడ్డ రోజు సాయంత్రం బీరువాల తలుపులు తీసి, తాళాలన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో వేశాను. ఆ తర్వాతి ఏడాది ఇష్యూలు 6000 దాటాయి, 17 పుస్తకాలు పోయాయి. మా లెక్క ప్రకారం 18 దాకా పోవచ్చు. ఆ రెండు పేజీల కాగితం నేను ఆ స్కూలు వదిలేశాక కూడా అక్కడే ఉంది. నా తర్వాత వచ్చినామె జీతం కోయించుకోలేదు.

నన్ను ఎవరైనా లీడర్‌షిప్ చూపించమంటే ముందు ఆ కాగితమే చూపిస్తాను. మీ స్కూల్లో అలాంటి కాగితం ఉందా? ఉంటే మీ ప్రశ్నలో దాని మాట వచ్చేదని నా అనుమానం.

ఇక సబ్‌స్టిట్యూషన్. పొద్దున్న నోటీసు బోర్డు దగ్గర స్లిప్ చూసేదాకా ఈ రోజు మనం లైబ్రేరియన్లమో కాదో మనకే తెలియదు, ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు. మీరు ప్రిన్సిపాల్‌తో రెండుసార్లు గొడవపడ్డానని రాశారు. ఇంక పడకండి. నేనేం చేశానంటే, ఒక టర్మ్ అంతా చిన్న డైరీలో రాసుకున్నాను. తేదీ, ఏ పీరియడ్‌కి నన్ను ఎక్కడికి పంపారు, ఆ గంటలో లైబ్రరీకి రావాల్సిన క్లాసు ఏది, వాళ్లను ఏం చేశారు. పక్కన వ్యాఖ్యలు, నిట్టూర్పులు ఏమీ రాయలేదు. టర్మ్ చివర 62 పీరియడ్లు తేలాయి. అందులో 11 ఒక్క 6-బి వాళ్లవే. ఎందుకా అని చూస్తే వాళ్ల లైబ్రరీ పీరియడ్ సోమవారం మొదటిది. టీచర్లు సెలవు ఎక్కువగా పెట్టేది సోమవారమే. ఆ పిల్లలు పాపం టర్మ్ అంతా పుస్తకం మొహం చూడలేదు.

ఆ కాగితం నేను ప్రిన్సిపాల్‌కి ఇవ్వలేదు. టైమ్‌టేబుల్ వేసే సీనియర్ టీచర్‌కి ఇచ్చాను. స్కూల్లో అసలు అధికారం ఎవరి దగ్గరుంటుందో మూడేళ్లలో మీకూ తెలిసే ఉంటుంది! ఆయన 6-బి పీరియడ్‌ని బుధవారానికి మార్చారు. ఇంకో ఒప్పందం కూడా చేసుకున్నాం. టీచరు లేని క్లాసుకి నా పేరు వేయాల్సి వస్తే నేను వాళ్ల దగ్గరికి వెళ్లను, వాళ్లే లైబ్రరీకి వస్తారు. సబ్‌స్టిట్యూషన్ తగ్గలేదు, కానీ అది కూడా లైబ్రరీ పీరియడ్ అయిపోయింది. ఫీజు కౌంటర్ వేరే సంగతి. జూన్ మనకు కొత్త పుస్తకాలు ఎక్కించే నెల. ఏ రోజుల్లో వీలవుతుందో ఏ రోజుల్లో కాదో మర్యాదగా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. బస్ డ్యూటీ తప్పించుకోవడం మాత్రం 31 ఏళ్లలో నా వల్ల కాలేదు, ఆ విషయంలో నా దగ్గర సలహా లేదు.

టీచర్లు లెక్కచేయరు అన్నారు. దీనికి నా దగ్గర ఒక్క కథే ఉంది గానీ అది పనికొచ్చే కథ.

రెండో స్కూల్లో ఏడో తరగతి సోషల్ టీచర్ కాకతీయుల మీద ప్రాజెక్టు ఇచ్చారు. 38 మంది తెచ్చారు. ఆవిడ స్టాఫ్ రూమ్‌లో దిద్దుతూ ఒకటే నవ్వు. 30 దాకా ప్రాజెక్టులు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. స్కూలు ఎదుటి ఇంటర్‌నెట్ సెంటర్ కుర్రాడు ఒకే ప్రింటు అందరికీ తీసిచ్చాడు. వేయిస్తంభాల గుడి బొమ్మ కింద రామప్ప గుడి అని పడింది, 30 మందికీ అదే తప్పు. నేను అడిగాను, "మేడమ్, వచ్చేసారి నాలుగు పీరియడ్లు ఇద్దరం కలిసి చేద్దామా? దిద్దడంలో సగం నేను పంచుకుంటాను." ఆ రెండో మాట వినే ఒప్పుకున్నారని నా నమ్మకం.

చేసింది చాలా చిన్నది. వేయిస్తంభాల గుడి, రామప్ప గుడి ఎవరు కట్టించారు, ఎప్పుడు, ఆ సంగతి నీకు ఎక్కడ దొరికింది అని మూడు ప్రశ్నలు. హనుమకొండలోని వేయిస్తంభాల గుడి 1163లో రుద్రదేవుడు కట్టించాడని ఒక పుస్తకంలో దొరుకుతుంది, పాలంపేటలోని రామప్ప గుడి 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని ఇంకో పుస్తకంలో దొరుకుతుంది. రుద్రుడు అన్న పేరు రెండు చోట్లా ఉంది కాబట్టి పిల్లలు తికమకపడి కొట్టుకోవడం మొదలుపెట్టారు. మాకు కావలసిందీ అదే. ప్రతి జవాబు కింద పుస్తకం పేరు, పేజీ నంబరు రాయాలి. రెండు చోట్ల వేర్వేరుగా ఉంటే రెండూ రాసి, ఏది ఎందుకు నమ్మావో ఒక వాక్యం రాయాలి. టీచర్ గారు ఆ వాక్యానికి 20 మార్కుల్లో 5 ఇచ్చారు. మార్కులు లేకపోతే ఎవరూ రాసేవాళ్లు కాదు, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

తర్వాతి నెల సైన్స్ టీచర్ తనే వచ్చి అడిగారు. ఏడాది చివరికి పరీక్షల షెడ్యూలుతో పాటు ప్రాజెక్టుల షెడ్యూలు కూడా స్టాఫ్ మీటింగ్‌లో చర్చకు వచ్చింది, "లైబ్రరీ వాళ్ల వీలు కూడా కనుక్కోండి" అన్నారెవరో. అప్పటిదాకా మీటింగ్‌లో తలుపు దగ్గర కుర్చీలో కూర్చునేదాన్ని. టీచర్లకు ఏ పని తలనొప్పిగా ఉందో చూసి అందులో ఒక కొస పట్టుకుంటే చాలు. సాయం అడగమని స్టాఫ్ రూమ్‌లో పోస్టర్ అతికిస్తే మాత్రం ఎవరూ రారు. నేను అతికించి చూశాను.

ఇంకొకటి, నెలవారీ రిపోర్టు. "ఈ నెల 412 పుస్తకాలు ఇష్యూ అయ్యాయి" అని రాస్తే ప్రిన్సిపాల్ సంతకం పెట్టి పక్కన పడేస్తారు. "8-ఏ లో తొమ్మిది మంది జూన్ నుంచి ఒక్క పుస్తకం తీసుకోలేదు, పేర్లు ఇవి" అని రాయండి, క్లాస్ టీచర్‌ని పిలిపిస్తారు. నేను అలా రాసిన ఏడాది ఆ తొమ్మిది మందిలో ముగ్గురికి చదవడమే సరిగ్గా రాదని బయటపడింది, తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. ఎనిమిదో తరగతి పిల్లవాడి చేతికి రెండో తరగతి బొమ్మల పుస్తకం ఇస్తే తోటివాళ్లు నవ్వుతారు. అందుకని ఆ ముగ్గురికీ ఒకటో తరగతి పిల్లలకు కథలు చదివి వినిపించే డ్యూటీ వేశాం. రేపు చదివి వినిపించాలి కాబట్టి ఇవాళ నా దగ్గర కూర్చుని చదువుకుని వెళ్లాలి. ఇప్పుడైతే మీకు ఇంకా తేలిక. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దింపుకుని ప్రింటు తీసుకోవచ్చు, స్థాయిల వారీగా ఉంటాయి. సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' ప్రచురణల వాళ్లవి తక్కువ ధరకే వస్తాయి. స్కూలు బడ్జెట్ లేదని ఆగక్కర్లేదు.

వృత్తి సేవ గురించి మీరు అడిగిన తీరు చూస్తే, అదేదో ఢిల్లీలో జరిగే సంగతిలా అనిపించింది. తెలుగువాళ్లు అలా అనుకోకూడదు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1914లో అక్కడే గ్రంథాలయ మహాసభ, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం. వీటి వెనక ఉన్న అయ్యంకి వెంకటరమణయ్య గారు అప్పటికి పాతికేళ్లు కూడా నిండని కుర్రాడు. ఒక ఊరి లైబ్రరీ ఒంటరిగా నడవలేదని గ్రహించి అన్నిటినీ ఒక చోట కూర్చోబెట్టారు. 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక పెట్టి ఒకరి సంగతులు ఇంకొకరికి తెలిసేలా చేశారు. 1919 నవంబరు 14న మద్రాసులో దేశం మొత్తానికీ సభ జరిపించారు. మనం నవంబర్ 14 నుంచి 20 దాకా చేసే వారోత్సవాల మొదటి రోజు అదే తేదీ. పిల్లలంతా చాచా నెహ్రూ పుట్టినరోజు అనే అనుకుంటారు, టీచర్లు కూడా. 1935లో పడవలో పుస్తకాలు వేసి కాలువ వెంబడి ఊళ్లకు పంపిన పాతూరి నాగభూషణం గారూ అంతే. ఆగస్టు 12న మనం దండ వేసే రంగనాథన్ గారు, మన దేశంలో లైబ్రరీ సైన్సుకు ఆద్యుడు, లెక్కల లెక్చరర్‌గా మొదలై 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యారు. 1931లో లైబ్రరీ సైన్స్ ఐదు సూత్రాల పుస్తకం రాయకముందే, 1928లో మద్రాసు లైబ్రరీ అసోసియేషన్ పెట్టినవాళ్లలో ఆయన ఉన్నారు. అంటే సంఘం ముందు, సిద్ధాంతం తర్వాత.

అయితే ఆ ఉద్యమం బడి దాకా సరిగ్గా రాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో వచ్చిన చట్టం కింద పౌర గ్రంథాలయాలకు ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల సెస్సు ఉంది, జిల్లా గ్రంథాలయ సంస్థలున్నాయి. బడికి అలాంటిదేమీ లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలి, వార్తాపత్రికలు, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో సహా అన్ని సబ్జెక్టుల పుస్తకాలు ఉండాలని ఉంది. లైబ్రేరియన్ ఉండాలని లేదు. సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ బడులకు స్థాయిని బట్టి ఏటా 5 వేల నుంచి 20 వేల దాకా లైబ్రరీ గ్రాంటు ఉంది. పుస్తకాలు వస్తాయి, తాళంచెవి ఒక టీచరు దగ్గర ఉంటుంది, ఆవిడకు పాపం వారానికి ముప్పై పైచిలుకు పీరియడ్లు. చాలా చోట్ల పుస్తకాలు వచ్చిన అట్టపెట్టెలోనే ఉంటాయి. మీ స్కూలుకి కిలోమీటరు దూరంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ఉండే ఉంటుంది. మీరు నేర్చుకున్న చదువు అవసరమైన చోటు అదే.

మేం ఏం చేశామో చెబుతాను, ఎక్కడ చెడిందో కూడా చెబుతాను. మా ఊళ్లో ఐదు బడుల వాళ్లం, ముగ్గురు లైబ్రేరియన్లు, ఇద్దరు లైబ్రరీ చూసే ప్రభుత్వ టీచర్లు, నెలకోసారి రెండో శనివారం మధ్యాహ్నం కలిసేవాళ్లం. ఒక్కో బడి నుంచి 40 పుస్తకాల పెట్టె ఒకటి నెలకో బడి చొప్పున తిరిగేది. ఎవరి పెట్టె వాళ్లకు ఐదు నెలలకు తిరిగి వచ్చేది. పిల్లలకు ప్రతి నెలా కొత్త పుస్తకాలు, ఎవరికీ పైసా ఖర్చు లేదు, ఆటో డబ్బులు తప్ప. వేసవిలో ఒకరి స్టాక్ వెరిఫికేషన్‌కి మిగతా నలుగురూ వెళ్లేవాళ్లం. ఒక్కళ్లకు పది రోజులు పట్టే పని రెండు రోజుల్లో అయిపోయేది. పుస్తకాల వీపు మీద అతికించే నంబర్ల గురించి పెద్ద తగువే పడింది. పుస్తకాలను విషయాల వారీగా విడదీసే డ్యూయీ నంబర్ల పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. మూడో తరగతి పిల్లవాడికి అది ఏం చెబుతుంది? రంగు స్టిక్కర్లు చాలని నేను, నంబరు లేకపోతే అది లైబ్రరీయే కాదని మా సీనియర్. రెండు నెలలు వాదించుకుని, ఐదో తరగతి దాకా రంగులు, ఆపైన నంబర్లు అని తేల్చుకున్నాం. స్కూల్లో ఆ తగువు పెట్టుకోవడానికి నాకు ఎవరున్నారు? అంత హాయిగా ఎవరితోనూ పోట్లాడలేదు నేను.

రెండేళ్లకు చెడింది. ఒక పుస్తకాల సప్లయర్ మీటింగ్‌కి టీ, సమోసాలు పంపడం మొదలుపెట్టాడు. మంచివాడే అనుకున్నాం. మూడో నెల తన లిస్టు పంపాడు. నాలుగో నెల ఆ లిస్టులోంచి కొన్నది ఎవరు, కొననిది ఎవరు అని మాలో మాకే గుసగుసలు. ఒక స్కూలు యాజమాన్యం "మా పుస్తకాలు వేరే స్కూలుకి ఎందుకు వెళ్తున్నాయి" అని అడ్డుపడింది. అడగడంలో తప్పు లేదు, మేమే ముందు పర్మిషన్ రాయించుకోలేదు. పెట్టెలు ఆగిపోయాయి. ఏడాది తర్వాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు రెండు షరతులు పెట్టుకున్నాం. ప్రిన్సిపాల్ సంతకం లేకుండా ఏ పుస్తకమూ గేటు దాటదు. మీటింగ్‌కి అమ్మేవాళ్లు రారు, టీ మన డబ్బులతోనే. ఈసారి ఆగలేదు. మీరు ఇవాళ మొదలుపెడితే ఒక వాట్సాప్ గ్రూపుతో మొదలుపెడతారు, దానికి నా అభ్యంతరం లేదు గానీ గుడ్ మార్నింగ్ బొమ్మలు మొదటి వారంలోనే ఆపించండి.

చీరాల దగ్గర వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి ఐదు బడుల పిల్లల్ని కలిపి తీసుకెళ్లింది కూడా ఆ గ్రూపే. 1918 నాటి సంస్థ, 1929లో గాంధీ గారు శంకుస్థాపన చేసిన భవనం. అక్కడి పాత పత్రికల కట్టలు చూసి ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి "మేడమ్, ఇవన్నీ ఎవరో ఒకరు రోజూ దాచి ఉంటారు కదా" అంది. ఆ అమ్మాయి తర్వాత ఏం చదివిందో నాకు తెలియదు. ఆ మాట గుర్తుండిపోయింది, అందుకని రాశాను.

ఇక సంఘాలు, సర్టిఫికెట్లు. నా దగ్గర ఒక ట్రంకు పెట్టె నిండా సర్టిఫికెట్లున్నాయి. అందులో నాకు పనికొచ్చినవి రెండు. ఒకటి లైబ్రరీలు వాడే కోహా సాఫ్ట్‌వేర్ మీద మూడు రోజుల శిక్షణ, ఇంకొకటి చిన్నపిల్లలకు బిగ్గరగా చదివి వినిపించడం మీద వర్క్‌షాప్. రెండింటిలోనూ చేతులతో ఏదో చేశాం. మిగతావి జ్యోతి వెలిగించడం, శాలువాలు, భోజనం, గ్రూప్ ఫోటో. డబ్బులు కడితే వారంలో పేపరు అచ్చేస్తామనే పత్రికల వాళ్లు మీకు మెయిల్ పంపుతూనే ఉంటారు, జవాబు ఇవ్వకండి. మీ లైబ్రరీలో నిజంగా జరిగిన ఒక్క సంగతి రెండు పేజీలు రాసి జిల్లా స్థాయి మీటింగ్‌లో చదవండి, దానికి విలువ ఎక్కువ.

సంఘం విషయంలో నా సలహా, మీరు బస్సులో వెళ్లి రాగలిగిన సంఘంలో ముందు చేరండి. ఇండియన్ లైబ్రరీ అసోసియేషన్ 1933 నుంచి ఉంది. పెద్దది, కాలేజీ, యూనివర్సిటీ వాళ్లే ఎక్కువ కనిపిస్తారు. స్కూల్ లైబ్రేరియన్ల కోసమే ఉన్న అంతర్జాతీయ సంఘం 1971లో మొదలైంది. ఏటా అక్టోబరును స్కూల్ లైబ్రరీల నెలగా జరుపుతారు, అది మీ స్కూల్లో చేయడానికి సభ్యత్వం అక్కర్లేదు. అమెరికాలో మనలాంటి వాళ్ల సంఘం 1951 నుంచి అక్కడి పెద్ద లైబ్రరీ సంఘంలో విడి విభాగంగా నడుస్తోంది. అక్కడ సర్వీసు అంటే ఏదో ఒక కమిటీలో కూర్చుని ఏడాదిపాటు జీతం లేని పని చేయడం. ఇంటర్వ్యూ ప్రశ్న అక్కడి నుంచి మన పెద్ద స్కూళ్లకు దిగుమతి అయిందని నా అనుమానం. డబ్బులు కట్టకుండా చేయగలిగింది ఒకటి చెబుతాను. లైబ్రరీ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా వాళ్ల స్కూల్ లైబ్రరీ మార్గదర్శకాలు, 2015 నాటి రెండో కూర్పు, ఉచితంగా దొరుకుతాయి. అందులో లైబ్రేరియన్ ముఖ్యమైన పనిని బోధన, నిర్వహణ, తోటివారితో కలిసి పనిచేస్తూ నాయకత్వం వహించడం, ఊరితో సంబంధం అని నాలుగుగా చెప్పారు. మీరు మూడేళ్లలో చేసినదాన్ని ఆ నాలుగింటి కిందా రాసుకుని చూడండి. ఖాళీగా ఉన్న గడి ఏదో మీకే కనిపిస్తుంది. నాకైతే రెండో స్కూలు వదిలేదాకా చివరి గడి ఖాళీయే.

ఇంటర్వ్యూలో ఏం చెప్పాలంటారా, పెద్ద మాటలు వద్దు. ఇలా చెప్పగలిగితే చాలు: "నేను చేరినప్పుడు పోయిన పుస్తకాలకు నిబంధన లేదు, రాయించాను. లైబ్రరీ పీరియడ్లు ఎన్ని పోతున్నాయో ఒక టర్మ్ లెక్క రాసి టైమ్‌టేబుల్ మార్పించాను. సోషల్ టీచర్‌తో కలిసి ఒక ప్రాజెక్టు చేశాను, అది ఇప్పుడు మూడు సబ్జెక్టుల్లో నడుస్తోంది. మా ఊళ్లో రెండు బడులతో కలిసి పుస్తకాల పెట్టె తిప్పుతున్నాం." ఇందులో ఏదీ మీరిప్పుడు చెప్పలేరు, అది నాకు తెలుసు. ఏడాదిలో రెండు చెప్పగలరు. అన్నీ ఒకేసారి నెత్తినేసుకోకండి. ఇద్దరు చిన్నపిల్లలున్నారని రాశారు, స్కూలు బయటి పనికి వారానికి రెండు గంటలు మించి ఇవ్వకండి. నేను ఇచ్చాను, మా అబ్బాయి ఇప్పటికీ దెప్పుతాడు.

అయితే వీటన్నిటికన్నా ముందు ఆ యాక్సెషన్ రిజిస్టర్ పూర్తి చేయండి. అది లేకుండా వెయ్యికి 5 అని వాదించడానికి మీ దగ్గర లెక్కే ఉండదు. మూడు నెలల బిల్లులు తీసి తేదీల వరసలో పెట్టుకుని రోజుకు 30 పుస్తకాల చొప్పున ఎక్కించండి. ముందు నంబరు స్టాంపు వేసి తర్వాత రిజిస్టర్‌లో రాద్దామనుకోవద్దు, రెండూ ఒకేసారి కానివ్వండి, లేకపోతే నంబర్లు తప్పుతాయి. వెనక తేదీ మాత్రం వేయకండి. ఎక్కించిన రోజు తేదీయే వేసి, బిల్లు తేదీని బిల్లు కాలమ్‌లో రాయండి. ఆలస్యమైందని ఆడిటర్ ఒక మాట అంటాడు, అంతే. వెనక తేదీ ఒక్కటి కనబడిందంటే రిజిస్టర్ మొత్తం మొదటి పేజీ నుంచి తిరగేస్తాడు.